బరువెక్కిన బండి కళ్ళు

బేతూల్,
18 ఫిబ్రవరి 1991

మరగతం అక్కకి, నీ చేతి మొట్టికాయలు ఇంకా మరిచిపోని తమ్ముడు అర్ధనారి రాస్తున్నది.

ముందు మంచి కబురు. పాత డ్రైవరు మానేసి ఇంటికి పోయాడు. బండి యజమాని గౌండరు నన్ను పిలిచి తాళాలు చేతిలో పెట్టాడు. నిన్నటిదాకా బోర్‌వెల్ రాడ్లు మోసినవాణ్ణి, ఇవాళ సీట్లో కూర్చుంటున్నాను. పూంగొడికి చెప్పు, వాళ్ళ మామ డ్రైవరయ్యాడని. వాళ్ళ నాన్నకి, అదే పెద్దబావకి, మాత్రం రెండుసార్లు చెప్పు. ఆయనకి మొదటిసారి వినబడదు, అదీ నా సంగతైతే అసలు వినబడదు.

ఇక్కడ నేల కాటుకలా నల్లగా ఉంది, నీళ్ళు మాత్రం పాతాళంలో ఉన్నాయి. మేం బోరు వేస్తుంటే ఊరంతా వచ్చి చుట్టూ కూర్చుంటుంది. నీళ్ళు పడితే మెళ్ళో దండ వేస్తారు. దుమ్ము లేస్తే మా మొహం కూడా చూడకుండా లేచిపోతారు. వంటవాడు పళనియప్పన్ మన తిరుచెంగోడు వాడే కనుక అన్నానికి లోటు లేదు. నీ ఉత్తరాలు వాడే లాక్కుని అందరికీ పైకి చదివి వినిపిస్తాడు. అందుకని తిట్టేటప్పుడు కాస్త చూసి తిట్టు.

బండి మీద పాత కంప్రెసరు తీసేసి పెద్దది ఎక్కించారు. రాడ్లు కూడా పెంచారు. ఆ బరువుకి నడుము దిగిపోయింది అక్కా. నడుము దిగేసరికి కళ్ళు రెండూ పైకి లేచిపోయాయి. చెట్ల కొమ్మలు కనబడతాయి, కింద దారి కనబడదు. పొద్దుగూకితే చాలు, నా పాట్లు ఆ దేవుడికే తెలియాలి. ఎదురొచ్చినవాడల్లా కళ్ళు నెత్తికెక్కాయా అని తిట్టిపోస్తున్నాడు. తిట్లన్నీ హిందీలో కాబట్టి సగమే తగులుతున్నాయి.

వానలు మొదలయ్యేసరికి ఊరొచ్చేస్తాం. ఆ తర్వాత ఆవణి మాసంలో నాకూ పూంగొడికీ పెళ్ళి అన్న మాట పెద్దబావ మరిచిపోకుండా చూసుకోవలసింది నువ్వే.

బావకి దండాలు.
నీ డ్రైవరు తమ్ముడు,
అర్ధనారి


చెన్నిమలై,
2 మార్చి 1991

నాయనా అర్ధనారీ,

నీకు ఎవరి పేరు పెట్టుకున్నామో ఆ తిరుచెంగోడు కొండమీది సామే నిన్ను కాపాడాలి. నీ ఉత్తరం శుక్రవారం వచ్చింది. మీ బావ నేసిన దుప్పట్లు చేనేత సొసైటీకి వెయ్యడానికి వెళ్ళారు. నేనొక్కదాన్నే కూర్చుని చదువుకున్నాను. అదే మంచిదయింది.

డ్రైవరు సంగతి పూంగొడికి చెప్పాను. సాయంత్రం పెరట్లో అన్నం పళ్ళెం రెండు చేతులా పట్టుకుని స్టీరింగు తిప్పినట్టు తిప్పుతోంది. నేను చూశానని తెలిసి, పళ్ళెం తోముతున్నా పిన్నీ అంది. ఒట్టి పళ్ళెం ఎవరైనా అటూ ఇటూ తిప్పుతూ తోముతారా? ఈ పిల్లకి అబద్ధమాడటం ఎప్పటికి వస్తుందో.

పొద్దుగూకితే చాలు అని నువ్వు రాసిన ఆ సంగతి చదివాక మాత్రం నాకు మగ్గం మీద చెయ్యి ఆడలేదు. పేరు పెట్టి రాయను. ఆ పళనియప్పన్ నోట్లో పడితే ఊరికి దండోరా వేసినట్టే. నీకు అర్థమవుతుందిలే. మన ఇంట్లో అది కొత్త కాదు. మొదట్లో ఇలాగే నవ్వులాటగా ఉంటుంది. ఒకటేనా, రెండూనా? పగలెలా ఉంది? తెలిసినవాళ్ళెవరికైనా చూపించావా, లేక నీ ధోరణిలో నువ్వు తిరుగుతున్నావా? నా మీద ఒట్టు, దాచకుండా రాయి. నీ రాత వచ్చేవరకు పూంగొడికి గానీ మీ బావకి గానీ ఈ మాట చెప్పను.

పొన్నగంటి ఆకు ఎండబెట్టి పంపుతున్నాను. రోజూ నువ్వే తిను, దానం చెయ్యకు. మారియమ్మకి మొక్కుకున్నాను.

నీ అక్క,
మరగతం


బేతూల్,
19 మార్చి 1991

అక్కగారి సముఖానికి తమ్ముడు చేతులు కట్టుకుని రాసుకుంటున్నది.

ఆకు చేరింది. నేనొక్కణ్ణే తినాలని నువ్వు రాసిన ముక్క కూడా పళనియప్పన్ పైకి చదివేశాడు. ఆ కసితో మొత్తం అందరి పప్పులో వేసేశాడు. మా గుంపులో ఇప్పుడు అందరికీ నీ పేరు తెలుసు. నీ చేతి ఉలవచారు ఎప్పుడు పంపుతావని అడుగుతున్నారు.

ఇన్ని ప్రశ్నలు నీకెక్కడివి? బావ పక్కన కూర్చుని రాయించి ఉంటాడు. సరే, వరసగా జవాబులు చెప్తున్నాను. రెండూనే. పగలు ఏ బాధా లేదు. రాత్రే చిక్కు. చూపించాను. యూసుఫ్ అని ఇక్కడొక ముసలాయన ఉన్నాడు, ఈ పనిలో పేరున్న మనిషే కానీ నోరు మంచిది కాదు. గోడకి ఎదురుగా నిలబెట్టాడు. గోడ మీద సుద్దతో అడ్డగీత గీశాడు. వెనక్కి పో, ఇంకా వెనక్కి పో అన్నాడు. చూపు గీత కింద పడాలట. నాది గీత దాటి ఎక్కడో పైకప్పు మీద పడింది. బరువు దించమన్నాడు. దించి చూస్తే బుద్ధిగా గీత కిందికి వచ్చింది. మళ్ళీ ఎత్తితే మళ్ళీ ఆకాశమే. ఖాళీగా ఉన్నప్పుడు బాగుందని మురిసిపోకు, నువ్వు బతికేది బరువుతో, చూసుకోవాల్సిందీ బరువుతోనే అని నాలుగు తిట్టాడు. నడుముకి ఇంకో పట్టీ వేస్తే కొంత మేలేనట. ఎంత వేసినా కళ్ళు వంచక తప్పదట.

గౌండరు ఒప్పుకోవట్లేదు. ఊళ్ళో పూజ చేసి బయల్దేరాక తిరిగి ఊరు చేరేదాకా దేన్నీ కదిలించకూడదని వాళ్ళ నాన్న కాలంనుంచి నమ్మకం. కదిలిస్తే ఆ ఏడు బోర్లలో నీళ్ళు పడవట. అందుకని అంతవరకు ఎలాగో నెట్టుకు రమ్మన్నాడు. ఇప్పుడు చీకటి పడితే పళనియప్పన్ టార్చి పట్టుకుని ముందు నడుస్తున్నాడు, వాడి వెనకాల నేను. పెళ్ళికొడుకుని ఊరేగిస్తున్నట్టుంది నా బతుకు అని వాడు ఏడుస్తున్నాడు.

బరువులు మన ఇంట్లో కొత్త కాదన్నావు. నిజమే అక్కా, అమ్మ మోసినన్ని మనం మొయ్యలేదు.

పూంగొడి మళ్ళీ ఎప్పుడు పళ్ళెం తోముతుందో రాయి.

నీ
అర్ధనారి


చెన్నిమలై,
8 ఏప్రిల్ 1991

నా బంగారు తమ్ముడికి,

ఈ ఉత్తరం ఎన్నిసార్లు మొదలుపెట్టానో. ఇక పళనియప్పన్ చదివితే చదవనీ. దాచడానికి నా దగ్గర ఏం మిగిలింది?

రెండు కళ్ళూ అని రాశావు. గోడ మీది గీత కనబడలేదని రాశావు. ఒకడు దీపం పట్టుకుంటే వాడి వెనక నడుస్తున్నానని నవ్వుతూ రాశావు. నాన్న కూడా నవ్వుతూనే చెప్పేవాడు అర్ధనారీ. నువ్వప్పుడు చంటివాడివి. మగ్గం మీద పోగు తెగితే తడుముకునేవాడు. ముందు రాత్రిళ్ళు కనబడలేదు, తర్వాత పగళ్ళు కూడా పోయాయి. ఆ తర్వాత అమ్మ బతుకంతా ఒక చేత్తోనే గడిచింది, రెండో చెయ్యి ఎప్పుడూ ఆయన చేతిలో ఉండేది. సంతకి పోయినా, పెళ్ళికి పోయినా, చివరికి తనకి జ్వరం వచ్చి ఆసుపత్రికి పోయినా ఆయన్ని నడిపించుకునే పోయింది. అది చూస్తూ పెరిగినదాన్ని నేను.

పూంగొడికి తల్లి పోయినప్పుడు ఎత్తుకొచ్చి నా పక్కలో పడుకోబెట్టుకున్నాను. నువ్వు నా తమ్ముడివి, అది నా కూతురు. నేను ఎవరి పక్కన నిలబడను? తెలిసి తెలిసి దాని చెయ్యి నీ చేతిలో పెడితే అమ్మ నన్ను క్షమించదు.

పూంగొడి నాన్నకి, మా బావగారికి, చెప్పేశాను. మంచి కుర్రాడమ్మా అని చాలాసేపు తల పట్టుకుని కూర్చున్నారు. కాంగేయంలో వాళ్ళ దూరపు చుట్టాల అబ్బాయి ఉన్నాడు, నూనె మిల్లు. వచ్చే నెల, వైకాశిలో ముహూర్తం పెట్టేస్తున్నారు. పిల్ల ఏమీ అనలేదు. తల ఊపింది. దాన్ని తప్పు పట్టకు. ఈ పని చేసింది నేను.

ఆ గౌండరు నోట్లో మన్ను పడ. వైద్యం చేయించుకోవడానికి కూడా నమ్మకాలు అడ్డం పెడతాడా? ఆ ఉద్యోగం వదిలేసి వచ్చెయ్. మీ బావ నిన్ను మదురై తీసుకెళ్తానన్నారు. అక్కడ కళ్ళకి మంచి వైద్యం ఉందట. బాగైతే సరే, కాకపోతే నా ఇంట్లో ఉంటావు. నేనున్నంతవరకు నీ చెయ్యి నేను పట్టుకుంటాను.

నన్ను తిట్టుకున్నా సరే, ఒక ముక్క రాయి.

అక్క


ఇటార్సీ దగ్గర,
3 మే 1991

అక్కా! నీ తమ్ముడు గెలిచాడు.

నీ ఉత్తరం ఒకటి బేతూల్లో మా ఉత్తరాలొచ్చే పంపుల దుకాణంలో పడి ఉందట. మేం అక్కడినుంచి ఎప్పుడో లేచి వచ్చేశాం. రాడ్ల లారీ వచ్చినప్పుడు తెస్తానన్నారు. అందులో నన్ను ఎంత తిట్టి ఉన్నావో కానీ, ఈ కబురు మాత్రం ఆగలేక రాస్తున్నాను.

పోయిన నెల ఒక సాయంత్రం వస్తున్నాం. ఎదురుగా స్కూటరు మీద ఒక మాస్టరూ, ఆయన భార్యా. మా హెడ్‌లైట్ల వెలుతురు సూటిగా వాళ్ళ మొహాల మీద పడింది. ఆయనకి దారి కనబడక కాలవలోకి పోయాడు. దూకి లేవదీశాం. ఆయన చెయ్యి విరిగింది. ఆవిడకి ఏమీ కాలేదు కానీ, ఆమె నన్నొక చూపు చూసింది అక్కా. తిట్టినా బాగుండేది. ఇన్నాళ్ళూ దారి కనబడనిది నాకేనని సణుక్కుంటూ వచ్చాను. ఎదుటివాడి కళ్ళు పొడుస్తున్నానన్న బుద్ధి నాకెందుకు రాలేదు?

మర్నాడే గౌండరుతో చెప్పకుండా లారీని యూసుఫ్ దగ్గరికి తోలుకుపోయాను. రాడ్లు దించలేదు, కంప్రెసరు దించలేదు, నిండు బరువుతోనే గోడ ముందు నిలబెట్టాం. లైటు చుట్టూ ఉన్న మరలకి గౌండరు పెట్టిన పసుపూ కుంకుమా ఎండి పట్టేసి ఉన్నాయి. యూసుఫ్ వాటిని గీకి, మర కాస్త తిప్పాడు. వెలుగు గోడ మీద జారుతూ గీత కిందికి దిగింది. ఇంతే పని! ఇంత పనికి నేను చలికాలం నుంచి ఆ వంటవాడి వీపు చూసుకుంటూ లారీ నడిపాను. తిరిగొస్తుంటే గుంటలూ, రాళ్ళూ, దారిన పోయే కుక్క కాళ్ళూ కూడా కనబడ్డాయి. ఎదురొచ్చిన లారీవాడు తిట్టలేదు, చెయ్యి ఊపాడు.

గౌండరు ఉద్యోగంలోంచి తీసేస్తానని గంతులేశాడు. ఆ వారంలోనే వేసిన బోరులో నీళ్ళు తాటిచెట్టంత లేచాయి. అప్పట్నుంచి ఆయన నోరు లేవట్లేదు.

పూంగొడిని ఒక మాట అడుగు. డ్రైవరు పెళ్ళాం అంటే ఏడాదికి ఆర్నెల్లు మొగుడి ఉత్తరాలతో కాపురం చెయ్యాలి. ఇష్టమేనా? ఆలోచించుకోమను. కాదంటే మాత్రం ఊరుకోను.

ఆనందంతో,
నీ అర్ధనారి


చెన్నిమలై,
17 మే 1991

అర్ధనారీ,

నీ ఉత్తరం బుధవారం పొద్దున వచ్చింది. పందిట్లో మేళగాళ్ళు కూర్చుంటున్నారు. పోస్టుమేను చేతిలో నీ రాత చూశాను. నీ ఏడుపు ఉంటుందనుకున్నాను అందులో. ఆ గడియలో అది చదివితే నేను నిలబడలేననుకుని బొడ్లో దోపుకున్నాను. తాళి కట్టేశారు. అప్పగింతలయ్యాయి. పిల్ల బస్సెక్కింది. అప్పుడు వచ్చి, వంటింట్లో తలుపేసుకుని కవరు చింపి చదివాను.

హెడ్‌లైట్లు అని రాసి ఉంది.

లారీ కళ్ళా, నాయనా? నువ్వు రాసింది లారీ కళ్ళ సంగతా?

నీ పాత ఉత్తరాలు తీసి మళ్ళీ చదివాను. బండి మీద అని రాసే ఉంది. ఆ ముక్క నా బుర్రకెక్కలేదు. బరువు, నడుము, కళ్ళు, ఈ మూడే పట్టుకున్నాను. నువ్వు మోసి మోసి నడుం విరగ్గొట్టుకున్నావనుకున్నాను, నాన్న రోగం నీకూ వచ్చిందనుకున్నాను. మీ బావకి ఉత్తరాలు చూపించి ఉంటే ఆయన ఒక్క క్షణంలో నవ్వి చెప్పేవారు. నీ పరువు పోతుందని చూపించలేదు, నా నోటితోనే చెప్పాను. నేను చెప్తే ఈ ఇంట్లో ఎవరు అనుమానిస్తారు?

ఇంకా ఉంది. విను. పిల్ల ఏమీ అనలేదని రాశాను కదా, అది అబద్ధం. దానికి చెప్పినప్పుడు అది అంత ఏడవలేదు. ముక్కు తుడుచుకుని, అయితే ఏంటి పిన్నీ, మీ అమ్మ నడిపించలేదా, నేనూ నడిపిస్తాను, మామకి నేను వండింది కనబడకపోయినా రుచి తెలుస్తుందిలే అంది. వాళ్ళ నాన్న అరిచినా అదే మాట. రెండు రోజులు అన్నం ముట్టలేదు. చివరికి నేనే అన్నాను, వాడే నిన్ను వద్దన్నాడే, తన కోసం ఎదురుచూడొద్దని రాశాడు అని. ఉత్తరం చూపించమంది. చింపేశానన్నాను. ఆ తర్వాతే తల ఊపింది.

దాని మంచికనే అన్నాను. దాని చెయ్యి ఖాళీగా ఉండాలని అన్నాను. ఇద్దరి గొంతులూ కోశాను అర్ధనారీ. మీ బావ నాతో మాట్లాడటం లేదు. బావగారికి చెప్పే ధైర్యం లేదు.

పెళ్ళయ్యాక మొదటి పిలుపుకి పూంగొడి అల్లుడితో కలిసి వచ్చే నెల వస్తుంది. అప్పుడు దాని కాళ్ళ మీద పడి జరిగిందంతా చెప్తాను. నువ్వు వద్దనలేదనీ, నీ కళ్ళకి ఏమీ కాలేదనీ చెప్తాను. అది ఉమ్మేస్తే పడతాను.

నీకు ఏమని రాయను.

మరగతం


ఇటార్సీ దగ్గర,
4 జూన్ 1991

అక్కా,

రాడ్ల లారీలో నీ ఏప్రిల్ ఉత్తరం వచ్చింది, అదే రోజు ఇక్కడి పోస్టులో మే ఉత్తరం వచ్చింది. పళనియప్పన్ అలవాటుగా మొదటిదాన్ని చదవడం మొదలుపెట్టి సగంలో ఆపేసి, నా చేతిలో పెట్టి బయటికి పోయాడు.

కోపం వచ్చింది. రాలేదని అబద్ధం చెప్పను. ఇంత వయసొచ్చి, ఉత్తరంలో బండి అన్న మాట కనబడలేదా నీకు అని ఆ చేలో నిలబడి గట్టిగా అరిచాను. నాది మాత్రం తక్కువ తప్పా? మా డ్రైవర్లంతా ఇంతే, లారీకి పంక్చరైతే నాకు పంక్చరయింది అంటారు. సీట్లో కూర్చున్న రోజునుంచే నేనూ ఆ మాట నేర్చుకుని నీ దగ్గర గొప్పకి వాడాను. కళ్ళు అనకుండా లైట్లు అని ఒక్క చోట రాసి ఉంటే, ఇవాళ నా పెళ్ళికి నువ్వు పసుపు దంచుతూ ఉండేదానివి. ఇద్దరం సమానం. ఇక ఏడవకు. బావతో నేను చెప్పానని చెప్పి అన్నం పెట్టు.

నడిపిస్తాను అందా? నిజంగా అదే మాట అందా? ఆ ముక్క చాలాసార్లు చదువుకున్నాను అక్కా. ఆ మాట అన్న మనిషిని పోగొట్టుకున్నాను. నాలాంటి దురదృష్టవంతుడు ఉండడు. నాలాంటి అదృష్టవంతుడూ ఉండడనిపిస్తోంది, నాకు మతి సరిగా లేదు.

నేనడిగేది ఒకటే. ఆమెకి నిజం చెప్పకు.

కాళ్ళ మీద పడితే నీ గుండె తేలికవుతుంది. ఆ బరువు పోయి ఆ పిల్ల మీద పడుతుంది. మామ గుడ్డివాడయ్యాడు, నా బతుకు పాడుచెయ్యకూడదని తానే తప్పుకున్నాడు అనుకుంటే కొన్నాళ్ళు ఏడుస్తుంది. ఎక్కడో ఒక చోట ఆగుతుంది. కాంగేయంవాడు మంచివాడైతే తొందరగానే ఆగుతుంది. నాకేమీ కాలేదు, అంతా ఒట్టిదే అని తెలిసిందనుకో, ఇక ఏ రోజు ఆగుతుంది? వాడికి అన్నం పెడుతూ కూడా అదే తలుచుకుంటుంది. చెప్పనని నా మీద ఒట్టెయ్.

పెద్దబావకి కూడా చెప్పకు. ఎవరడిగినా, మదురైలో చూపించాం, లాభం లేదన్నారు, వాడు ఎక్కడో ఉత్తరాదిన ఉండిపోయాడు అను. మా వాళ్ళు వానలకి ఊరొస్తున్నారు, నేను రావట్లేదు. ఇక్కడే లారీలున్నాయి, నాకు పని దొరుకుతుంది. నీకు నన్ను చూడాలనిపిస్తే రైలెక్కి నువ్వే రా. స్టేషనుకి నేనే వచ్చి తీసుకెళ్తాను.

చెన్నిమలైకి మాత్రం ఎప్పటికీ పిలవకు. ఏ పండక్కో పూంగొడి పుట్టింటికి వచ్చి, వీధిలో ఎదురైతే నేనేం చెయ్యను? తల తిప్పుకోవడం నా వల్ల కాదు. చూస్తాను. నేను తనని చూస్తున్నానని తనకి తెలిసిపోతుంది.

అర్ధనారి